ఆన్‌లైన్ టీచింగ్ ప్రాక్టికమ్ ఎవరైనా పూర్తి చేశారా? మెంటర్ రిమార్కులు చూస్తే టెన్షన్‌గా ఉంది

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్తే. మాది ఆమదాలవలస వైపు. బీఎడ్ మ్యాథ్స్ చేసి ప్రైవేటు స్కూల్లో కొన్నేళ్లు చెప్పాను, ఇప్పుడు పాప చిన్నది కాబట్టి ఇంటి నుంచే డిగ్రీ పిల్లలకి ఆన్‌లైన్‌లో చెప్పే పని చూసుకుందామని ఒక సంస్థ ట్రైనింగ్‌లో చేరాను. థియరీ అయిపోయింది, ప్రాక్టికమ్ నడుస్తోంది. మొదట మెంటర్ మేడమ్ క్లాసులో కూర్చుని చూడాలి, తర్వాత ఆవిడ క్లాసులోనే ఒక పావుగంట మనం చెప్పాలి, ఆఖర్న ఒక యూనిట్ మొత్తం మన చేతికి ఇచ్చేస్తారు, ఆవిడ మైకూ కెమెరా ఆపేసి చూస్తుంటారు. నేను ఆ ఆఖరి దశలో ఉన్నాను. బీకామ్ ఫస్టియర్ పిల్లలు, సబ్జెక్టు స్టాటిస్టిక్స్, సగటు, మధ్యగతం (అంకెలు వరుసలో పెడితే నడిమిది), బహుళకం (ఎక్కువసార్లు వచ్చేది) దగ్గర ఉన్నాం.

స్కూల్లో నా క్లాసు బాగుండదని ఎవరూ అనలేదు. ఇక్కడ మాత్రం రిమార్కుల కాగితం చూస్తే నీరసం వస్తోంది. ఒకటి యథాతథంగా పెడుతున్నా: "12వ నిమిషం 40వ సెకనుకి ప్రశ్న అడిగారు. 12వ నిమిషం 42వ సెకనుకి జవాబు మీరే చెప్పారు." కిందే ఇంకొకటి, "చాట్‌లో ఇద్దరు డౌట్లు పెట్టారు, క్లాసు అయ్యేదాకా ఎవరూ చూడలేదు." తిట్టలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు. అసలు పిల్లలు కెమెరాలు ఆపేసి కూర్చుంటారు, పేరు పెట్టి పిలిస్తే మైకు ఆన్ అవ్వడానికే యుగం పడుతుంది, అయినా "వినబడుతోంది మేడమ్" తప్ప ఇంకో మాట రాదు. నేను ఆగితే క్లాసంతా శ్మశానంలా ఉంటుంది, అందుకే నేనే చెప్పుకుంటూ పోతాను.

ఇంకో రెండు వారాల్లో ఆఖరి క్లాసు చూస్తారు. క్లాసు రికార్డింగ్, డిస్కషన్ బోర్డు నడిపినది, అసైన్‌మెంట్ల మీద నేను రాసిన కామెంట్లు, ఒక రిఫ్లెక్టివ్ జర్నల్, అన్నీ కలిపి సబ్మిట్ చెయ్యాలి. అసలు వీళ్లు దేన్ని చూసి పాస్ చేస్తారు? జర్నల్‌లో ఏం రాస్తారు? పైగా అక్టోబర్‌లో పడింది డేటు, మా వైపు సంగతి తెలుసు కదా, గాలి గట్టిగా వీచిందంటే కరెంటు పోతుంది. విజయనగరంలో మా అత్తయ్యగారింటికి వెళ్లి అక్కడి నుంచి చెప్పుకోనా అని కూడా ఆలోచిస్తున్నా. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కోటబొమ్మాళి_మాస్టారు:

అమ్మా, ఆ రెండు సెకన్ల రిమార్కు చూసి బాధపడకు. "ప్రశ్నలు ఇంకా బాగా అడగాలి" అని గాలి మాట రాసి సంతకం పెట్టేవాళ్లు బోలెడుమంది, గడియారం దగ్గర పెట్టుకుని క్లాసు చూసేవాళ్లు అరుదు. నీకు మంచి మెంటర్ దొరికారు.

ఇది నీ ఒక్కదానికే ఉన్న అలవాటు కూడా కాదు. మేరీ బడ్ రో అని అమెరికాలో సైన్సు బోధన మీద పనిచేసిన ఆవిడ 1970ల్లోనే క్లాసుల టేపులు విని లెక్కకట్టారు, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, అసలు బదులే రాని సందర్భాలు తగ్గాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. అది ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతి. నీ పిల్లాడు ప్రశ్న వినాలి, నెట్ ఆలస్యంతో వినాలి, ఫోన్ అన్‌లాక్ చెయ్యాలి, మైకు గుర్తు వెతుక్కోవాలి. పది సెకన్లు ఇవ్వనిదే వాడు బరిలోకే రాడు.

బీఎడ్‌లో మైక్రో టీచింగ్ చేసే ఉంటావు కదా. 36 నిమిషాల చక్రం: ఆరు నిమిషాలు పాఠం, ఆరు ఫీడ్‌బ్యాక్, పన్నెండు మళ్లీ ప్లాను, ఆరు మళ్లీ పాఠం, ఆరు మళ్లీ ఫీడ్‌బ్యాక్. అందులో అన్నిటికంటే ఎక్కువ టైము ఇచ్చింది దేనికో చూడు, తిరిగి ప్లాను వేసుకోవడానికి. మనవాళ్లు రికార్డులకి అట్టలు వేసి, రంగు పెన్నులతో గీతలు గీసి, తోటి ట్రైనీలనే పిల్లల్లా కూర్చోబెట్టి తంతు కానిచ్చేస్తారు, అది వేరే సంగతి. ప్రాక్టికమ్‌లో కూడా నీ మెంటర్ చూసేది అదే అనుకుంటున్నా, మొదటి క్లాసులో చెప్పిన రిమార్కు మూడో క్లాసులో ఎక్కడైనా కనబడుతోందా అని.

కెమెరాల విషయం మాత్రం కాస్త గట్టిగా ఉండు. కనీసం అటెండెన్స్ అప్పుడైనా ముఖాలు చూపించమను. మొహం చూడకుండా పాఠం చెప్పడమేమిటో నాకైతే మింగుడు పడదు.

పలాస_పప్పు:

ఏటండీ ఈ గోల! సర్టిఫికెట్ కోసం ఇంత టెన్షనా? యూట్యూబ్‌లో వీడియో పెట్టి, చివర క్విజ్ ఒకటి తగిలిస్తే అదే ఆన్‌లైన్ క్లాసు. మెంటరూ వద్దు, సెకన్ల లెక్కా వద్దు. మా తమ్ముడు ఇంజనీరింగ్ మొత్తం అలాగే గట్టెక్కేశాడు, టూ ఎక్స్ స్పీడులో.

చంపావతి_ఒడ్డున (విజయనగరం):

పలాస గారూ, మీ తమ్ముడు తెలివైనవాడు కాబట్టి గట్టెక్కాడు, ఆ వీడియో వల్ల కాదు. వీడియో ఒక్కటే చాలనుకుంటే 2017లో మొదలైన 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలో కూడా వీడియోలు మాత్రమే పెట్టి ఊరుకునేవాళ్లు. అక్కడ కోర్సుకి నాలుగు భాగాలు ఉండాలన్నారు: వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, సందేహాలు అడుక్కునే చర్చావేదిక, తనని తాను పరీక్షించుకునే ప్రశ్నలు.

నాగావళి గారూ, నేను ఇలాంటి ప్రాక్టికమ్‌లలో మెంటర్‌గా చేస్తుంటాను, మీ సంస్థ కాదు లెండి. దేన్ని చూసి పాస్ చేస్తారని అడిగారు కాబట్టి నేనేం చూస్తానో చెప్తాను, మీ మెంటర్ దీనికి ఎంతో దూరంగా ఉండరు. నేను టీచరు మాట తీరు పెద్దగా పట్టించుకోను. స్లైడ్లు ఎంత అందంగా ఉన్నాయో అసలు పట్టించుకోను. ప్రతి పది నిమిషాలకీ పిల్లలు చేతితో గానీ నోటితో గానీ ఏదైనా చేశారా, చేస్తే దాన్ని బట్టి టీచరు పాఠంలో ఏమైనా మార్చారా, ఇది ఒక్కటే నా పుస్తకంలో రాసుకుంటాను. స్కూల్లో బాగా చెప్పినవాళ్లకే ఇక్కడ ఎక్కువ కష్టం, ఎందుకంటే వాళ్లకి మొహాలు చూసి సర్దుకోవడం అలవాటు, తెర మీద మొహాలు లేకపోయేసరికి బంతిలో ఆకులు చూడకుండా గరిటె ఖాళీ చేసుకుంటూ పోయే వడ్డనలా తయారవుతుంది పాఠం.

మౌనం గురించి. మీ ప్రశ్న ఎలాంటిదో చూడండి. "మధ్యగతం అంటే ఏమిటి?" అని అడిగితే తెలిసినవాడు కూడా నోరు మెదపడు, తప్పు చెప్తే నలభై మంది వింటారని భయం. దాన్నే ఇలా అడిగి చూడండి. పలాసలో ఒక జీడిపప్పు యూనిట్, తొమ్మిది మంది కూలీలకి రోజుకి 500 చొప్పున వస్తుంది, ఓనరుకి ఆ రోజు 10,000 మిగిలింది. పదిమంది సగటు ఆదాయం 1450. "మా యూనిట్‌లో సగటున రోజుకి 1450 వస్తుంది" అని ఓనరు బోర్డు పెట్టాడు, అబద్ధమా నిజమా? పోల్ పెట్టండి, రెండే ఆప్షన్లు, పేర్లు కనబడకుండా. అందరూ నొక్కుతారు. సగం మంది అటు సగం మంది ఇటు చీలతారు, అప్పుడు "అబద్ధం అన్నవాళ్లు ఎందుకన్నారో చాట్‌లో ఒక ముక్క రాయండి, కానీ నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కొద్దు" అనండి. ఒక నిమిషం ఆగి "ఇప్పుడు నొక్కండి" అంటే జవాబులన్నీ ఒక్కసారిగా పడతాయి, ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు. అందులోంచి మూడు చదివి, ఆ తర్వాత మధ్యగతం 500 దగ్గరికి రండి. నిర్వచనం వాళ్లే చెప్పేస్తారు. ఈ మొత్తం పన్నెండు నిమిషాలు తింటుంది, అందులో మీరు మాట్లాడేది నాలుగైదు నిమిషాలకి మించదు.

చాట్ చూడలేదన్న రిమార్కుకి మందు సులువు. పాఠం చెప్తూ చాట్ చూడటం ఎవరివల్లా కాదు. క్లాసులో ఒక అమ్మాయికో అబ్బాయికో వారానికొకరి చొప్పున ఆ డ్యూటీ వేయండి, డౌటు పడగానే మైకు ఆన్ చేసి "మేడమ్, ఒక డౌటు" అని ఆపే హక్కు వాళ్లకి ఇవ్వండి. ఎవరూ మాట్లాడరన్న బెంగ కూడా కొంత తీరుతుంది.

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. కెమెరా బలవంతం చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒకే గది ఇంట్లో వెనక నాన్నగారు పడుకుని ఉంటే, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు మీద నడిచే పిల్ల కెమెరా ఎలా పెడుతుంది? ఆ డేటాతోనే ఇంకో రెండు క్లాసులు వినాలి కదా. మొహం లేకపోయినా పోల్, చాట్, నోట్సు ఫోటో, ఈ మూడూ ఉంటే పిల్ల క్లాసులో ఉందో లేదో తెలిసిపోతుంది.

కోటబొమ్మాళి_మాస్టారు:

ఒకే గది మాట ఒప్పుకుంటాను. అయినా అందరూ ఆ వంక చెప్తారు చూడండి! సరే, మెంటర్ గారి మాట పైన వేస్తున్నా. జీడిపప్పు లెక్క మాత్రం బాగుంది, రేపు మా మనవరాలికి వేస్తాను.

నాగావళి_గట్టు:

మేడమ్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఆ పోల్ ఐడియా ఆఖరి క్లాసులో కాదు, ఈ శనివారం క్లాసులోనే పెట్టి చూస్తాను. అయితే ఇక్కడో చిక్కు ఉంది. మా కోర్సు కోఆర్డినేటర్ సారు "సిలబస్ వెనకపడుతోంది, ఈ యూనిట్ నాలుగు క్లాసుల్లో అయిపోవాలి" అని మెయిల్ పెట్టారు. మెంటర్ మేడమ్ తక్కువ మాట్లాడమంటారు, సారు తొందరగా కానిమ్మంటారు. ఒక ఉదాహరణకి పన్నెండు నిమిషాలు పెడితే ఆరు రకాల లెక్కలు ఎప్పుడు చెయ్యాలి? జర్నల్ సంగతి కూడా చెప్పండి. మొదటి వారం నేను రాసింది "ఈ రోజు క్లాసు బాగా జరిగింది, పిల్లలు ఆసక్తిగా విన్నారు" అని, దాని మీద ఆవిడ "ఆసక్తిగా విన్నారని ఎలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న వేసి పంపారు.

బొబ్బిలి_మేడమీద:

నేను ఈ ఏడాదే ఇలాంటిది పూర్తి చేశాను కాబట్టి జర్నల్ గురించి నేను చెప్తా. అది డైరీ కాదు. క్లాసు మొత్తం రాయొద్దు, ఒక్క నిమిషం పట్టుకోండి. ఉదాహరణకి మీ ఆ 12వ నిమిషమే ఉంది కదా. అక్కడేం జరిగింది, ఎందుకలా జరిగిందని మీరు అనుకుంటున్నారు, వచ్చే క్లాసులో ఏం మారుస్తారు, మార్చాక ఏమైంది. నాకు అరపేజీ మించలేదు ఎప్పుడూ. "పిల్లలు ఆసక్తి చూపారు" లాంటి వాక్యం రాయాలనిపించినప్పుడల్లా పక్కన సాక్ష్యం పెట్టండి, పోల్‌లో ఎంతమంది నొక్కారు, అసైన్‌మెంట్‌లో ఏ లెక్క దగ్గర ఎక్కువమంది తప్పారు, అలాంటిది. మా మెంటర్ సారైతే మంచి క్లాసు గురించి రాసిన పేజీలు అసలు చదివేవారు కాదు, "ఇది బాగుంది, తర్వాత పేజీ" అనేవారు.

క్లాసు అయ్యాక మెంటర్‌తో మాట్లాడే పదిహేను ఇరవై నిమిషాలు ఉంటుంది చూశారా, అది అన్నిటికంటే ముఖ్యం. ఆయన ఏమీ చెప్పకుండా ముందు "మీకెలా అనిపించింది?" అని అడుగుతారు. అప్పుడు నెట్ బాలేదనో పిల్లలు మందమతులనో మొదలుపెట్టొద్దు. "నేను ఫలానా చోట ఇది ప్రయత్నించాను, అది మీకు ఎలా కనబడింది?" అని మీరే ఒక ప్రశ్నతో వెళ్లండి. క్లాసుకి ముందు రోజు కూడా ఒక మెసేజ్ పెట్టండి, "రేపు నేను ప్రశ్న వేశాక ఆగడం మీద పని చేస్తున్నాను, అది ప్రత్యేకంగా చూడండి" అని. మెంటర్లకి అది చాలా నచ్చుతుంది, పైగా పది విషయాల మీద రిమార్కులు రాకుండా ఒకదాని మీదే వస్తాయి.

అసైన్‌మెంట్ కామెంట్లు కూడా లెక్కలోకి వస్తాయి, తేలిగ్గా తీసుకోవద్దు. "గుడ్", "ఇంప్రూవ్" అని రాస్తే మార్కు రాదు. "తరగతి అంతరాల పట్టికలో సంచిత పౌనఃపున్యం మూడో వరుస దగ్గర కూడిక తప్పింది, అక్కడి నుంచి మళ్లీ చేసి గురువారం లోపల పంపు" అని రాస్తే పిల్లాడు ఏం చెయ్యాలో వాడికి తెలుస్తుంది. అందరికీ అలా రాయాలంటే రాత్రిళ్లు పోతాయి, నిజమే, అందుకని నేను తరచూ వచ్చే తప్పులకి కామెంట్లు ఒక ఫైల్లో పెట్టుకుని, పేరూ లెక్క నంబరూ మార్చి వాడేదాన్ని.

ఇంకో సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. ప్రాక్టికమ్ ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీద ఉందా? నేను మొదట చేరిన ఒక చోట "ఇంకో బ్యాచ్ చూద్దాం, ఇంకో యూనిట్ చూద్దాం" అంటూ జీతం లేకుండా మామూలు క్లాసులన్నీ ట్రైనీల చేతే చెప్పించారు, మెంటర్ అన్న మనిషి తెర మీద కనబడనే లేదు. మెంటర్ చూడని క్లాసు ప్రాక్టికమ్ కాదు, ఊరికే వెట్టి. నేను బయటికొచ్చేసి ఇంకో చోట పూర్తి చేశాను. మీకు సెకన్లతో సహా రిమార్కులు వస్తున్నాయి కాబట్టి మీది అలాంటిది కాదనుకుంటా, అయినా ఎన్ని క్లాసులు చూస్తారో, సర్టిఫికెట్ మీద గంటలు రాస్తారో లేదో మెయిల్‌లో అడిగి పెట్టుకోండి.

చంపావతి_ఒడ్డున:

బొబ్బిలి మేడమ్ జర్నల్ గురించి చెప్పింది అక్షరాలా నిజం.

సిలబస్ గొడవకి వస్తే, ఆరు రకాల లెక్కలూ లైవ్ క్లాసులో చెయ్యాలని ఎవరు చెప్పారు? సూత్రం ఒకటే, అంకెలు మారతాయి, అలాంటి వాటిని చిన్న వీడియోలుగా చేసి ముందే పెట్టేయండి, ఒక్కొక్కటి ఆరేడు నిమిషాలు మించకుండా. లైవ్ క్లాసు పిల్లలు తికమకపడే చోటికే వాడండి. మీ యూనిట్‌లో ఆ చోట్లు నాకు తెలిసి రెండే, సగటు ఎప్పుడు మోసం చేస్తుంది అన్నది ఒకటి, తరగతులుగా ఇచ్చిన దత్తాంశంలో మధ్యగతం ఏ తరగతిలో పడుతుంది అన్నది రెండోది. మిగతాదంతా ప్రాక్టీసు. ఇలా విడగొట్టి, ఏ ముక్క లైవ్‌లో, ఏ ముక్క వీడియోలో, ఏది డిస్కషన్ బోర్డు మీద అని ఒక పేజీ పట్టిక వేసి సారుకీ మెంటర్‌కీ ఇద్దరికీ ఒకే మెయిల్‌లో పంపండి. విడివిడిగా పంపితే విడివిడిగా జవాబులు వస్తాయి, మధ్యలో నలిగేది మీరే. ఆ పట్టిక మీ ఫైల్లో కూడా పనికొస్తుంది. కొన్ని సంస్థల మార్కుల పట్టికలు కెనడాలో గ్యారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు 2000లో రాసిన కమ్యూనిటీ ఆఫ్ ఎంక్వయిరీ అనే నమూనా చుట్టూ తిరుగుతుంటాయి, అందులో టీచరు పనిని మూడుగా చూస్తారు, కోర్సుని కూర్చడం, చర్చని నడపడం, నేరుగా బోధించడం. మనవాళ్లందరూ మూడోదాని మీదే ప్రాణం పెట్టి మొదటి రెండిట్లో మార్కులు పోగొట్టుకుంటారు.

డిస్కషన్ బోర్డులో ప్రతి పోస్టు కిందా మీరే జవాబు రాయకండి. ముగ్గురు రాసేదాకా ఆగి, వాళ్లలో ఇద్దరికి ఎక్కడ తేడా ఉందో ఎత్తి చూపించి మళ్లీ వాళ్లకే వదిలేయండి.

పలాస_పప్పు:

సరే, వేళాకోళం చాలు, నాకు తెలిసిన పని నేను చెప్తా అక్కా. నేను కేబుల్ నెట్ పని చేస్తాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు మా పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఆ లెవెల్ తుఫాను వస్తే అత్తయ్యగారిల్లయినా ఎవరిల్లయినా ఒకటే, క్లాసు వాయిదా వేయమని ముందే అడగాలి. ఆ రూలు ఇప్పుడే మెయిల్‌లో కన్ఫర్మ్ చేసుకోండి, ఆ రోజు పొద్దున్న కాదు.

మామూలు కోతలకైతే ఊరు మారక్కర్లేదు. రౌటర్‌కి పెట్టే చిన్న మినీ యూపీఎస్ దొరుకుతుంది, చాలా రౌటర్లు 12 వోల్టులవే, మీ రౌటర్ అడాప్టర్ మీద వోల్టేజీ, యాంపియర్లు చూసి దానికి సరిపోయేది కొనండి. మీ వీధి చివర ఉన్న మా డబ్బాకి కరెంటు లేకపోతే మాత్రం మీ రౌటర్ వెలిగినా నెట్ రాదు, అందుకని ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ వేసి హాట్‌స్పాట్ రెడీగా ఉంచుకోండి. నెట్ నీరసంగా ఉంటే ముందు మీ కెమెరా ఆపేయండి, ఆడియోకి పట్టే డేటా చాలా తక్కువ, గొంతు ఆగకుండా వెళ్తే పిల్లలు ఉంటారు. మెంటర్ మేడమ్‌ని కో-హోస్ట్ చేసి ఉంచండి, మీరు పడిపోయినా మీటింగ్ మూసుకుపోదు. స్లైడ్ల పీడీఎఫ్ ముందు రోజు రాత్రే పిల్లల వాట్సాప్ గ్రూపులో పడేయండి, చివర ఒక లెక్క పెట్టి "మేడమ్ కనబడకపోతే ఇది చెయ్యండి, పది నిమిషాల్లో వస్తాను" అని రాసి ఉంచండి.

ఆ సగటు లెక్కలో మా ఓనర్లకి రోజుకి పదివేలు అని రాశారు, ఎవరా మహానుభావుడో కాస్త చెప్తే మేమూ పనికి వెళ్తాం.

నాగావళి_గట్టు:

తమ్ముడూ, రౌటర్ మీద 12 వోల్టులు, 1 యాంపియర్ అని ఉంది, రేపు శ్రీకాకుళం వెళ్లినప్పుడు చూసి తెస్తాను. పట్టిక వేసి సారుకీ మేడమ్‌కీ కలిపి ఇందాకే మెయిల్ పెట్టాను, గంటల సంగతి కూడా అందులోనే అడిగాను. చంపావతి మేడమ్, ఆఖరుగా ఒక్కటి, పోల్‌లో పేర్లు కనబడకుండా పెడితే ఎవరు తప్పు నొక్కారో నాకు తెలీదు కదా, మరి తర్వాత వాళ్లకి విడిగా చెప్పేదెలా?

చంపావతి_ఒడ్డున:

పోల్‌లో తెలుసుకోవాలనుకోకండి, అది నోరు విప్పించడానికి మాత్రమే. క్లాసు ఆఖరి మూడు నిమిషాల్లో అలాంటిదే ఇంకో చిన్న లెక్క ఇచ్చి, నోట్‌బుక్‌లో చేసి ఫోటో మీకు ఒక్కరికే పంపమనండి. ఎవరికి విడిగా చెప్పాలో దాంతో తేలిపోతుంది, ఆ ఫోటోల్లో రెండు మీ జర్నల్‌కి సాక్ష్యంగా కూడా వస్తాయి, పిల్లల పేర్లు మాత్రం చెరిపేసి పెట్టండి. పోల్ ప్రశ్న ముందు రోజే ఎక్కించి పెట్టుకోండి, క్లాసులో టైప్ చేస్తూ కూర్చుంటే మీ మెంటర్ దానికీ సెకన్లు రాస్తారు.